సముద్ర గుహలకు పడవలో వెళ్ళాలంటే: ఏ పడవ, ఏ వేళ, లోపలికి వెళ్ళవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. తీరం వెంబడి ఉన్న సముద్ర గుహలను గైడుతో కలిసి పడవలో చూడాలని మీ కుటుంబం అనుకుంటోంది. అమ్మగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. బాబుకు 7 ఏళ్ళు. మీకు బస్సు ప్రయాణంలోనే కడుపులో తిప్పుతుంది. పెద్ద పడవ, రబ్బరు పడవ, కయాక్ (తెడ్డు వేసి నడిపే సన్నని చిన్న పడవ) అనే మూడింటిలో ఏది మంచిది, ఏ వేళకు బయలుదేరాలి, గుహ లోపలికి వెళ్ళడం ప్రమాదమా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, నిశ్చింతగా వెళ్ళవచ్చు. మీ ముగ్గురికీ కలిపి సరిపోయేది గట్టి అడుగు, పైన నీడ, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్న మధ్యస్థమైన పడవ. ఉదయం మొదటి యాత్రకు గానీ రెండవదానికి గానీ వెళ్ళండి. వేగంగా దూకుతూ పోయే రబ్బరు పడవ అమ్మగారికి వద్దు. కయాక్ మీ బాబుకు ఇంకా తొందర. ఇక లోపలికి వెళ్ళడం గురించి: గుహలోకి పడవ వెళ్తుందా లేదా అన్నది టికెట్టు కొన్నప్పుడు తేలే విషయం కాదు, ఆ రోజు గుహ ముఖం ఎదుట పడవను ఆపి, కొన్ని నిమిషాల పాటు కెరటాలను గమనించిన సరంగు, అంటే పడవ నడిపే మనిషి, తేల్చవలసిన విషయం. అలా ఆగి చూసే సరంగును, అవసరమైతే వెనక్కి తిప్పగలిగే సరంగును వెతుక్కోవడమే మీరు చేయవలసిన అసలు పని. పడవ రంగు, ధర, ఫోటోలు ఆ తరువాతి సంగతులు.

నేను ఇలాంటి యాత్రల్లో మొదట గైడుగా, తరువాత పడవ నడిపేవాడిగా చాలా ఏళ్ళు పనిచేశాను. అందువల్ల జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గాలి కన్నా దూరపు కెరటం ముఖ్యం. యాత్రికులు వాతావరణ సూచనలో చూసేది ఎండ, వాన, గాలి. గుహల విషయంలో ఈ మూడింటి కన్నా పెద్దది స్వెల్, అంటే ఎక్కడో వందల, వేల కిలోమీటర్ల దూరంలో చెలరేగిన తుఫాను నుంచి నడిచి వచ్చే పొడవైన కెరటం. మీరున్న చోట ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు, ఆకు కూడా కదలకపోవచ్చు, అయినా ఆ కెరటం వచ్చి గుహలో దూరుతుంది. సూచనల్లో కెరటం ఎత్తు పక్కనే ఒక కెరటానికి, తరువాతి కెరటానికి మధ్య వ్యవధి సెకన్లలో ఇస్తారు. చాలామంది ఎత్తు చూసి వ్యవధిని వదిలేస్తారు. 6 సెకన్ల వ్యవధి ఉన్న కెరటం లోతైన నీటిలో సుమారు 56 మీటర్ల పొడవు ఉంటుంది. 14 సెకన్లదైతే 300 మీటర్లు దాటుతుంది. కెరటం తన పొడవులో సగం లోతు వరకూ నీటిని కదిలిస్తుంది కనుక, మొదటిది సుమారు 28 మీటర్ల లోతు దగ్గర గానీ అడుగును తాకదు, రెండవది 150 మీటర్ల లోతు నుంచే తాకడం మొదలుపెడుతుంది. ఒకే ఎత్తున్నా వ్యవధి ఎక్కువైన కెరటం మోసుకొచ్చే శక్తి ఎక్కువ, తీరానికి చేరేసరికి అది పైకి లేచే తీరూ ఎక్కువ. ఇరుకైన గుహలోకి వెళ్ళాక ఆ నీటికి పక్కలకు పోయే దారి ఉండదు, పైకే లేవాలి. బయట మోకాలి ఎత్తు కూడా లేనట్టు కనిపించిన కదలిక గుహ చివర కప్పును తడపడం నేను పలుమార్లు చూశాను.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సూచనలో ఇచ్చే కెరటం ఎత్తు అన్నిటికన్నా పెద్ద కెరటం ఎత్తు కాదు. కెరటాలన్నిటిలో పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు. ఆ అంకె 1 మీటరు అయితే, గంటసేపట్లో వచ్చే కొన్ని వందల కెరటాల్లో ఒకటి 1.7 మీటర్ల దాకా ఉండడం మామూలే. పైగా పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, నడుమ కొన్ని నిమిషాలు సముద్రం నిద్రపోయినట్టు ఉంటుంది. గుహ ముందు పడవను ఆపి ఊరికే నిలబడిన సరంగును చూసి యాత్రికులు విసుక్కుంటారు. ఆయన ఆ గుంపు కోసం ఎదురుచూస్తున్నాడు. అది వచ్చి పోయేదాకా చూసి, దాని ఎత్తు గుహ కప్పుతో సరిపోల్చి, ఆ తరువాతే లోపలికి వెళ్ళాలి. రాగానే నేరుగా దూరే పడవ కన్నా ఈ ఆలస్యమే మేలు.

ఒకసారి నా పడవలో వచ్చిన ఒక పెద్ద కుటుంబం ఈ విషయమై నాతో గట్టిగానే వాదించింది. నీరు అద్దంలా ఉంది, గాలి లేదు, పక్కన మరో పడవ లోపలికి వెళ్ళి వచ్చింది కూడా. నేను వెళ్ళనన్నాను. ఆ రోజు వ్యవధి 15 సెకన్లు దాటి ఉంది. మేము బయటే ఉండగా పెద్ద కెరటాల గుంపు వచ్చింది. గుహ ముఖం సగానికి పైగా నీటితో మూసుకుపోయి, లోపలి నుంచి ఫిరంగి పేలినట్టు శబ్దం వచ్చి, తుంపర్లు మా దాకా ఎగిరాయి. వాదన అక్కడితో ఆగింది. లోపలికి వెళ్ళి వచ్చిన పడవకు ఏమీ కాలేదన్నది నిజమే, కానీ దాని క్షేమానికి కారణం అదృష్టం.

ఆటుపోట్లు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి తరువాతి రోజుల్లో పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ తక్కువ. నీరు పెరిగితే కప్పుకూ తలకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. నీరు తగ్గితే దాగి ఉన్న రాళ్ళు పడవ అడుగుకు దగ్గరవుతాయి. కాబట్టి ప్రతి గుహకూ తనదైన అనువైన వేళ ఉంటుంది, అది పక్క గుహకు పనికి రాకపోవచ్చు. ఆటుపోట్ల తేడా పెద్దదైన చోట్ల ఇది నాటకీయంగా కనిపిస్తుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆ తేడా కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడి సెయింట్ మార్టిన్స్ గుహల్లోకి ఆటు సమయంలో నడిచి వెళ్తారు, పోటు సమయంలో కయాక్‌లో వెళ్తారు. మధ్యధరా సముద్రంలో తేడా చాలా స్వల్పం, కానీ గుహ ముఖమే చిన్నదైతే ఆ స్వల్పం కూడా లెక్కలోకి వస్తుంది. ఇటలీలోని కాప్రి ద్వీపపు నీలి గుహ ముఖం నీటిమట్టం నుంచి సుమారు 1 మీటరు ఎత్తే. యాత్రికులు చిన్న తెడ్డు పడవలో వెల్లకిలా పడుకుంటే, పడవవాడు గోడకు బిగించిన గొలుసును పట్టి, కెరటం దిగిన క్షణాన పడవను లోపలికి లాగుతాడు. సముద్రం కాస్త కదిలినా ఆ రోజుకు గుహ మూసేస్తారు.

ఉదయం వెళ్ళమని ఎందుకన్నానో చెప్పాలి. పగటి ఎండకు నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, సముద్రం మీది గాలి ఆ చోటులోకి వీస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి ఈ గాలి బలపడి చిన్న చిన్న కెరటాలను లేపుతుంది. అవి ప్రమాదకరం కాకపోయినా, కడుపు తిప్పే మీలాంటివారికి ఇబ్బందే. ఉదయం పడవల రద్దీ కూడా తక్కువ. రెండు మూడు ఇంజన్లు ఒకే గుహలో ఉంటే వచ్చే పొగ, శబ్దం మీకు తప్పుతాయి.

అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని గుహల అందమంతా వెలుతురులోనే ఉంటుంది, ఆ వెలుతురు ఒక వేళకే వస్తుంది. కాప్రిలోను, క్రొయేషియాలోని బిషెవో ద్వీపపు నీలి గుహలోను సూర్యకాంతి ఎక్కువగా నీటి అడుగున ఉన్న ద్వారం గుండా లోపలికి వస్తుంది. నీరు ఎరుపు వర్ణాన్ని ముందుగా పీల్చుకుంటుంది, నీలం మిగులుతుంది, తెల్లని అడుగు దాన్ని పైకి తిప్పి పంపుతుంది. గుహంతా కింది నుంచి వెలిగినట్టు ఉంటుంది. బిషెవోలో ఈ వెలుగు మధ్యాహ్నానికి ముందు గంటలో, కాప్రిలో మధ్యాహ్నం తరువాత రెండు గంటల లోపు బాగుంటుందని చెబుతారు. మీరు వెళ్ళే గుహ ఆ కోవకు చెందినదైతే తెల్లవారుజామున వెళ్ళి చీకటి గోడలు చూసి రావడంలో అర్థం లేదు. గైడును అడిగేటప్పుడు 'ఏ వేళ బాగుంటుంది' అని కాకుండా, 'సముద్రం ఏ వేళ నెమ్మదిగా ఉంటుంది, వెలుతురు ఏ వేళ లోపలికి పడుతుంది' అని రెండుగా అడగండి. రెండూ ఒకే వేళకు కుదరకపోతే, మీ ఇంటివారి సంగతి తెలిసింది కనుక, నెమ్మదైన సముద్రాన్నే ఎంచుకోమంటాను.

ఇప్పుడు పడవల సంగతి. పెద్ద పడవ తక్కువ ఊగుతుంది, మరుగుదొడ్డి ఉంటుంది, మెట్లు, కమ్మీలు ఉంటాయి. కానీ అది గుహలోకి వెళ్ళదు. ముఖం దగ్గర ఆగి చూపిస్తుంది, లేదా అక్కడ చిన్న పడవలోకి మారుస్తుంది. నడిసముద్రంలో ఒక పడవ నుంచి ఇంకో పడవలోకి మారడం మోకాళ్ళ నొప్పులున్నవారికి యాత్ర మొత్తంలోకీ కష్టమైన పని. ప్రకటనలో 'గుహ సందర్శన' అని ఉంటే అది బయటి నుంచా, లోపలికా, పడవ మారాలా అని తప్పక తెలుసుకోండి. కాప్రిలో ఇలా మారే కుటుంబాలు అలల మీద తమ వంతు కోసం చాలాసేపు ఎదురుచూసి, లోపల గడిపేది కొద్ది నిమిషాలే.

గట్టి అడుగు, గాలి నింపిన అంచులు ఉన్న రబ్బరు పడవలు ఇరుకైన చోట్ల చక్కగా తిరుగుతాయి, గోడకు తగిలినా దెబ్బ తక్కువ. గుహల వరకు వాటిని మించినవి లేవని నేనే ఒప్పుకుంటాను. ఇబ్బందంతా రేవు నుంచి గుహ దాకా ఉన్న దారిలో ఉంది. అవి వేగంగా పోయేటప్పుడు కెరటం మీద నుంచి ఎగిరి పడతాయి, ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు తగులుతుంది. ముందు వరుసలో కూర్చున్నవారి వెన్నుపూసలు చితికిన సంఘటనలు ఈ రంగంలో కొత్త కాదు. గర్భిణులు, వెన్నునొప్పి ఉన్నవారు, ఎముకలు పెళుసుబారే వయసులో ఉన్నవారు వీటిలో ఎక్కకూడదు. వేరే దారి లేక ఎక్కవలసి వస్తే వెనుక వరుసలో కూర్చోబెట్టి, వేగం తగ్గించమని బయలుదేరక ముందే చెప్పండి. బయలుదేరాక ఇంజన్ శబ్దంలో ఎవరి మాటా వినపడదు.

కయాక్ గురించి అడిగారు కనుక ఒక మాట. గుహను దగ్గరగా, నిశ్శబ్దంగా చూడడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. పెద్దలకు, ఈత వచ్చినవారికి, గైడు వెంట, తలకు హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవారికి అది తగినది. కయాక్‌వాళ్ళు ఇచ్చే 50 న్యూటన్ల తేలుడు జాకెట్టు ఈదగలిగేవారికి సాయం చేస్తుంది గానీ, స్పృహ తప్పినవారిని వెల్లకిలా తిప్పి ముఖం నీటిపైన ఉంచే హామీ ఇవ్వదు. ఆ పనికి 100 న్యూటన్లు, అంతకు మించిన లైఫ్ జాకెట్టు ఉంటుంది. 7 ఏళ్ళ పిల్లవాడితో గుహలో కయాక్ అంటే తిరుగుకెరటానికి గోడవైపు జరిగినప్పుడు తెడ్డు వేయవలసింది మీరొక్కరే. ఆ సంగతి మరో నాలుగైదేళ్ళ తరువాత చూడవచ్చు.

అమ్మగారి విషయంలో నా అనుభవం ఒకే మాట చెబుతుంది: గుహ కన్నా రేవు కష్టం. పడవలో కూర్చున్నాక పెద్దవారు హాయిగా ఉంటారు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జారిపడతారు. పడవ అంచుకూ గట్టుకూ మధ్య ఎత్తు తేడా ఎంత, తేలే వేదిక ఉందా, రాతి మెట్ల మీద నుంచి దిగాలా, ఇసుకలో నీళ్ళలో నడిచి ఎక్కాలా అన్నవి ముందే అడగండి. ఆటు సమయంలో స్థిరమైన గట్టు నుంచి పడవలోకి రెండు మూడు అడుగులు కిందికి దిగవలసి రావచ్చు, అదే పడవ, అదే గట్టు, పోటు వేళకు సమానంగా ఉంటాయి. మోకాళ్ళు వంగని ఒక పెద్దావిడ కోసం మేము బయలుదేరే వేళను ఒక గంట వెనక్కి జరిపాము. నీరు పెరిగాక ఆమె ఎవరి సాయమూ లేకుండా అడుగు వేసి లోపలికి వచ్చి కూర్చున్నారు. అడిగితే చాలామంది సరంగులు ఇంతపాటి సర్దుబాటు చేస్తారు. ఎక్కేటప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉండాలి; సంచి, ఫోను మీరు పట్టుకోండి. సిబ్బంది చేతిని వేళ్ళతో కాకుండా, మణికట్టును మణికట్టుతో పట్టుకోమని చెప్పండి.

గుహలు అన్నీ ఒకటి కావన్నది కూడా అమ్మగారికి సంబంధించిన విషయమే. అసలైన సముద్ర గుహ కెరటం తొలిచినది. రాతిలో ముందే ఉన్న పగులును, మెత్తని పొరను కెరటం వెతికి పట్టుకుంటుంది. నీరు పగులులోకి దూసుకొచ్చినప్పుడు అందులోని గాలి సైకిలు పంపులో నొక్కినట్టు నొక్కుకుని, నీరు వెనక్కి తగ్గగానే ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడి పగులును వెడల్పు చేస్తుంది, కెరటం మోసుకొచ్చిన గులకరాళ్ళు గోడలను ఒరుస్తాయి. స్కాట్లాండులోని స్టాఫా ద్వీపంలో ఫింగల్ గుహ ఇలా బసాల్టు స్తంభాల నడుమ తొలిచినది. చల్లారిన లావా పగిలి ఏర్పడిన ఆ స్తంభాల్లో చాలావాటికి ఆరు ముఖాలు. న్యూజిలాండు దక్షిణ ద్వీపంలోని మటైనాకా గుహ పొడవు ఒకటిన్నర కిలోమీటరు, తెలిసిన సముద్ర గుహల్లోకి అదే పొడవైనది. ఇవి కాక, సున్నపురాతిని వాననీరు కరిగించగా ఏర్పడి, తరువాత సముద్రమట్టం పెరగడంతో తీరాన తేలిన గుహలు వేరే ఉన్నాయి. వీటిలో పడవ దిగి చాలాసేపు నడవాలి. ఇటలీలోని సార్డీనియాలో నెప్ట్యూన్ గుహకు పడవలో రావచ్చు, లేదా కొండ అంచు వెంట 650కి పైగా మెట్లు దిగి రావచ్చు. ఎలా వచ్చినా లోపల కాలినడకే. కాబట్టి 'గుహ' అన్న ఒక్క మాట చూసి అమ్మగారికి పడవలో కూర్చుని చూసే యాత్ర అని అనుకోకండి.

మీ కడుపు తిప్పడం గురించి. కన్ను 'కదలడం లేదు' అని, చెవిలోని సమతుల్య భాగం 'కదులుతున్నాం' అని మెదడుకు వేర్వేరు కబుర్లు పంపినప్పుడు ఈ వికారం పుడుతుంది. దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండమని అందరూ చెబుతారు, అది నిజమే. గుహలో చిక్కేమిటంటే అక్కడ ఆ గీత ఉండదు. చుట్టూ గోడలే, అవీ మీతో పాటు ఊగినట్టు ఉంటాయి. దారి పొడవునా బాగున్నవారు గుహలో వాంతి చేసుకోవడానికి కారణం ఇదే. దానికి తోడు, పడవ కదిలేటప్పటి కన్నా ఆగినప్పుడు ఎక్కువ ఊగుతుంది. అందువల్ల గుహలోకి వెళ్ళాక గోడలను కాసేపు చూసి, మధ్య మధ్యలో గుహ ముఖం వైపు, వెలుగు వైపు కళ్ళు తిప్పండి. అక్కడ బయటి సముద్రపు గీత కనిపిస్తుంది. ఫోను తెరలోంచి గుహను చూడడం అన్నిటికన్నా చెడ్డది. పడవ మధ్యభాగంలో, కొంచెం వెనుకగా కూర్చుంటే ఊపు తక్కువ. పూర్తిగా ఖాళీ కడుపుతో గానీ, నిండా తిని గానీ ఎక్కవద్దు.

మాత్రల విషయం వైద్యుణ్ణి అడిగి తేల్చుకోండి. డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ వంటివి సాధారణంగా బయలుదేరడానికి గంట ముందు వేసుకుంటారు. వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. వాటితో నిద్రమత్తు వస్తుంది, కనుక బాబును చూసుకోవలసిన మనిషి మీరే అయితే ముందు ఇంటి దగ్గర ఒకరోజు వేసుకుని చూడడం తెలివైన పని. చెవి వెనుక అంటించే స్కోపొలమైన్ పట్టీలు చాలా గంటల ముందే పెట్టుకోవాలి. నీటికాసుల జబ్బు ఉన్నవారికి అవి పనికిరావు, వయసు మళ్ళినవారిలో తికమక కలిగించే అవకాశం ఉంది. అమ్మగారికి మీ మాత్ర ఇవ్వకండి.

బాబుకు లైఫ్ జాకెట్టు వయసును బట్టి కాకుండా బరువును బట్టి ఉండాలి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. గడ్డం దాకా జారి వస్తే అది పెద్దది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పక బిగించండి, నీటిలో పిల్లలు జాకెట్టు నుంచి కిందికి జారిపోకుండా ఆపేది అదే. పెద్దలది బిగించి ఇచ్చి 'ఇది చాలు' అన్నవారి పడవ ఎక్కవద్దు. పిల్లలు గుహలో భయపడేది చీకటికన్నా శబ్దానికి. కెరటం లోపల పగిలినప్పుడు వచ్చే మోత గురించి ముందే చెప్పి, అది ఎలా పుడుతుందో వివరిస్తే తరువాతి మోత కోసం వాళ్ళే ఎదురుచూస్తారు.

లోపల ఏం చేయకూడదు అన్నదానిలో అన్నిటికన్నా పైన ఉండవలసింది ఇది: పడవ గోడకు దగ్గరైతే చేతితో గానీ కాలితో గానీ నెట్టకండి. ఇది మంచి మనసుతో చేసే తప్పు. కొన్ని టన్నుల పడవను కెరటం తోసేటప్పుడు మధ్యలో చేయి పెడితే ఎముక నిలవదు; గోడ నిండా ఉండే నత్తగుల్లలు చర్మాన్ని కత్తిలా కోస్తాయి. నా పడవలో ఒక యువకుడు సాయం చేద్దామని ఇలా చేయి చాచినప్పుడు గైడు అతని చొక్కా పట్టి వెనక్కి లాగవలసి వచ్చింది. పడవ అంచును గోడకు రాసుకోనివ్వండి, రంగు పోతే పోతుంది. లోపల నిలబడకండి. దిగి ఈత కొట్టవచ్చా అంటే, ఇంజన్ ఆపని పడవ చుట్టుపక్కల వద్దు, గుహ ఇరుకైన చివరలో అసలే వద్దు.

పైనుంచి రాళ్ళు రాలే ప్రమాదం చిన్నదే గానీ, లేకపోలేదు. గుహలన్నవి నిరంతరం కూలుతూ పెరిగేవే; కూలడం ముదిరితే తోరణంగా, తోరణం కూలితే ఒంటరి స్తంభంగా మిగులుతాయి. మాల్టాలోని గోజో తీరాన ఉన్న ప్రసిద్ధ రాతి తోరణం 'అజ్యూర్ విండో' 2017 మార్చి 8న తుఫానులో మొత్తం కూలింది. బ్రెజిల్‌లోని ఫర్నాస్ జలాశయంలో 2022 జనవరి 8న కొండ చరియ విరిగి యాత్రికుల పడవల మీద పడి 10 మంది మరణించారు. అది సముద్రం కాకపోయినా పాఠం ఒకటే. భారీ వానల తరువాతి రోజుల్లో నిటారు కొండల కిందికి, గుహల్లోకి వెళ్ళడాన్ని వాయిదా వేయడం మంచిది. గోడ అడుగున తాజా రంగులో, అంచులు పదునుగా ఉన్న రాళ్ళ కుప్ప కనిపిస్తే మంచి గైడు అక్కడ ఆగడు. ఇంజన్ పొగ కూడా తక్కువ ప్రమాదకరం కాదు. గాలి ఆడని లోతైన గుహలో పెట్రోలు ఇంజన్ చాలాసేపు నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన ఉండదు. తలనొప్పిగా అనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే చెప్పి బయటికి తీసుకెళ్ళమనండి.

జంతువుల కోసం కొన్ని గుహలను కొన్ని నెలలు మూసి ఉంచుతారు. మధ్యధరా మాంక్ సీల్ అనే అరుదైన సముద్ర జంతువు పిల్లలను పెట్టేది ఎక్కువగా సముద్ర గుహల్లోనే. అలాంటి చోట 'కాస్త లోపలికి పోదాం, ఎవరు చూస్తారు' అనే గైడు మీ భద్రత విషయంలోనూ అలాగే ఆలోచిస్తాడు. రద్దీ వల్ల కూడా నియమాలు మారుతున్నాయి. పోర్చుగల్‌లోని బెనజిల్ గుహలోకి ఒకప్పుడు ఈదుకుంటూ వెళ్ళి, లోపలి ఇసుక మీద కూర్చుని ఫోటోలు తీసుకునేవారు. 2024లో ఈదుకుంటూ వెళ్ళడాన్ని, లోపల దిగడాన్ని అక్కడి అధికారులు నిషేధించారు. పాత ఫోటోలు చూసి ఆశ పెట్టుకోకుండా, ఈ ఏడాది నియమం ఏమిటో అడగండి.

నిర్వాహకులను ఎలా పరీక్షించాలి? నేనైతే ఫోను చేసి ఒకే ప్రశ్న వేస్తాను: 'సముద్రం బాగా లేక గుహలోకి వెళ్ళలేకపోతే ఏం చేస్తారు?' 'అలాంటిది జరగదు, తప్పకుండా లోపలికి తీసుకెళ్తాం' అంటే అక్కడితో ఫోను పెట్టేస్తాను. 'ఆ రోజు సరంగు నిర్ణయిస్తాడు, బయటి నుంచి చూపించి తీరం వెంట తిప్పుతాం, బయలుదేరక ముందే రద్దైతే డబ్బు తిరిగి ఇస్తాం' అంటే సంభాషణ కొనసాగిస్తాను. ఆ తరువాత పడవలో ఎంతమందిని ఎక్కిస్తారు, అనుమతించిన సంఖ్య ఎంత, సరంగుకు లైసెన్సు ఉందా, గైడు వేరే ఉంటాడా లేక సరంగే మాట్లాడుతూ నడుపుతాడా, రేడియో ఉందా అని అడుగుతాను. గుహ లోపల సెల్ ఫోను సిగ్నల్ ఉండదు, ఒక్కోసారి రేడియో కూడా అందదు. అందుకే ఒడ్డున ఒకరికి తిరిగి వచ్చే వేళ తెలిసి ఉండే ఏర్పాటు చేసుకున్న సంస్థలను నేను ఎక్కువ నమ్ముతాను. నడిపేవాడు ఒకడు, చూసుకునేవాడు ఒకడు ఉండడం మీ వంటి కుటుంబానికి ముఖ్యం. గోడల మధ్య పడవను తిప్పుతున్న మనిషి వెనక్కి తిరిగి పిల్లవాణ్ణి గమనించలేడు.

బట్టల విషయం క్లుప్తంగా: గుహలో, నీటి మీద గాలికి ఒడ్డుకన్నా చలిగా ఉంటుంది, తుంపర్లు తప్పవు. ఒక పలుచని గాలి ఆపే చొక్కా, జారని అడుగున్న చెప్పులు, నీరు చొరని సంచి, అద్దాలు పెట్టుకునేవారికి మెడకు వేలాడే తాడు చాలు.

చివరగా తేదీ సంగతి. అక్కడ ఎన్ని రోజులు ఉండబోతున్నారో మీరు రాయలేదు, కానీ ఎన్ని రోజులైనా గుహల యాత్రను చివరి రోజుకు పెట్టుకోకండి. చేరిన మరుసటి రోజు ఉదయానికే బుక్ చేయండి. ఆ రోజు సరంగు వద్దంటే తరువాతి రోజులు మీ చేతిలో ఉంటాయి. దూరపు తుఫాను నుంచి వచ్చిన కెరటం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చివరి రోజుకు పెట్టుకున్న కుటుంబాలే రేవులో నిలబడి, 'రేపు మా ప్రయాణం, ఎలాగైనా తీసుకెళ్ళండి' అని సరంగును బతిమాలుతూ ఉంటాయి.